వైకల్యముగల స్త్రీల నాయకత్వ శిక్షణము: తెలుగు పదముల విచారము

వైకల్యముగల స్త్రీలకు నాయకత్వమున శిక్షణ మిచ్చు అంతర్జాతీయ ప్రయత్నములు ఇటీవలి మూడు దశాబ్దములలో బలపడినవి. వీనిని గూర్చి తెలుగున వ్రాయబూనినవారికి మొదట అడ్డువచ్చునది పదముల కొరత. ఇది నిఘంటుకారుల చిన్న చిక్కని తోచవచ్చును. కాని యీ శిక్షణము మాటలతోడనే నడచునది. ఏ భావమునకు తగిన మాట లేదో, ఆ పాఠమును ఆ భాషలో చెప్పుట కష్టము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఆరెగాన్ రాష్ట్రమున యూజీన్ అను నగరము కలదు. చక్రాల కుర్చీలో సంచరించు సూసన్ సైగాల్ అను మహిళ 1981లో వేరొకరితో కలిసి అచ్చట 'మొబిలిటీ ఇంటర్నేషనల్ యు.ఎస్.ఎ.' అను సంస్థను స్థాపించెను. 1995లో బీజింగులో నాల్గవ ప్రపంచ మహిళా మహాసభ జరిగినది. ఆ సందర్భమున ప్రభుత్వేతర సంఘముల సమావేశములు నగరమునకు దూరముగ హ్వైరో అనుచోట ఏర్పాటైనవి. చక్రాల కుర్చీలలో వచ్చినవారికి అచ్చటి స్థలములు పెక్కు అందుబాటులో లేకపోవుటచే వైకల్యముగల స్త్రీలు బహిరంగముగ నిరసన తెలిపిరి. స్త్రీల హక్కులకై కూడిన చోటనే కొందరు స్త్రీలు వాకిట నిలిచిపోవలసి వచ్చినది. రెండేండ్లకు, 1997లో, పై సంస్థ 'విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ లీడర్‌షిప్ అండ్ డిసబిలిటీ' అను శిక్షణమును యూజీనులో నెలకొల్పెను. ఆ పేరులోని తొలి అక్షరములు కూడి 'వైల్డ్' అగును. లొంగనిదను అర్థము స్ఫురించునట్లు కోరియే ఆ పేరు కూర్చిరని నా తలంపు.

పలు దేశముల స్త్రీలు అచ్చట సుమారు మూడు వారములు కలిసియుందురు. చట్టము, ఉద్యోగము, ఆరోగ్యము, సంఘ నిర్వహణము మున్నగు పాఠములతోపాటు నదిలో పడవ నడుపుట, త్రాళ్ల నాధారము చేసికొని ఎత్తులెక్కుట వంటి సాహసములును ఉండును. అంధురాలును బధిరురాలును ఒక్క బల్లచుట్టు చేరినపుడు సైగ మాటగను, మాట సైగగను మారవలెను. ఒకరి వంతు ముగియువరకు వేరొకరు వేచియుండవలెను. సభామర్యాద అనునది ఇంతకన్న బాగుగ ఎచ్చట నేర్వగలమో నాకు తెలియదు. తిరిగివెళ్లినవారిలో కొందరు స్వదేశములలో తామే యిట్టి శిక్షణములు నడపిరి. ఈ విద్య స్థానిక భాషలలోనికి దిగవలసిన అవసరము అచ్చటనే పుట్టినది.

ఈ సంస్థ 1997లో ప్రకటించిన గ్రంథమునకు 'లౌడ్, ప్రౌడ్ అండ్ ప్యాషనేట్' అని పేరు. ఆ మూడు విశేషణములను తెలుగు చేయబూనుడు. మొదటిదానికి, స్త్రీ విషయమున, మనకు దొరకునవి గయ్యాళి, నోటిదురుసుది, గొంతు పెద్దది, అన్నియు నిందలే. రెండవదానికి పొగరు, టెక్కు, మిడిసిపాటు వచ్చును. 'ఆత్మగౌరవము' అను మాట అదృష్టవశమున కలదు. 1982 పిదప రాజకీయ వేదికలపై అది తెలుగుజాతి కంతకును చెందినదైనది గనుక, స్త్రీకిని వాడవచ్చును. మూడవదాని కొరకు వెదకినచో ఆవేశము, మోహము ఎదురగును. తపన కొంత నయము.

విశేషణములను విడిచి క్రియలను పట్టినచో 'గొంతెత్తి, తలయెత్తి, పట్టుబట్టి' అనవచ్చునని నాకు తోచినది. వినుటకు ఇంపుగనే యున్నది. కాని సైగలతో మాటలాడు స్త్రీ ఎత్తునది గొంతు కాదు. మెడ కండరములు స్వాధీనమున లేని స్త్రీకి తలయెత్తుమనుట ఎట్టి పలుకు? మూడవది మాత్రమే అందరికిని చెల్లును. అసలు చిక్కు ఇదియే. ధైర్యమును, స్వాతంత్ర్యమును చెప్పు మన పలుకుబడులలో పెక్కు ఏ కొరతయు లేని దేహమునుండి పుట్టినవి. గొంతు విప్పుట, కన్నులు తెరపించుట, భుజము కలుపుట అట్టివే. అన్నిటికంటె మహిళాభ్యుదయ ప్రసంగములలో విరివిగ వినబడునది 'తన కాళ్లపై తాను నిలబడుట'. ఇది తెలుగునకే పరిమితము కాదు. నేను పాఠము చెప్పు విశ్వవిద్యాలయమున హిందీ, తమిళ, కన్నడ విద్యార్థులు తమ భాషలలోను ఈ పలుకుబడి యున్నదని వెంటనే చూపగలరు. ఇంగ్లీషునను కలదు, ఎవరినుండి ఎవరు గైకొనిరో వేరుగ విచారింపదగును.

'నాయకురాలు' అను మాటకు వేరు చరిత్ర. ఆ బిరుదుతో తెలుగువారికి మొదట స్ఫురించునది పలనాటి నాగమ్మ; యుద్ధమునకు కారణమైనదని కథాసంప్రదాయము ఆమెనే నిందించినది. 'నాయిక' యన్నచో అలంకారశాస్త్రము ఆమెను ప్రియునితోడి సంబంధమునుబట్టి ఎనిమిది విధములుగ విభజించును. అయినను నాయకురాలు అను పదమునే నిలుపుకొనవలెనని నా యభిప్రాయము. నింద మోసిన పదమైనను, అధికారము నెరపిన స్త్రీని చెప్పు పదమది.

ఇక వైకల్యమును చెప్పు పేరులు. తమిళమున 'మాట్రుత్తిఱనాళి', మలయాళమున 'భిన్నశేషి', ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వ్యవహారమున 'విభిన్న ప్రతిభావంతులు', 2015 చివర ప్రధానమంత్రి సూచించిన 'దివ్యాంగ' కలవు. ఇవన్నియు అవిటి వంటి పాత మాటల మోటుదనమును తొలగించినవి గాని, హక్కుకు బదులు పొగడ్త నిచ్చుచున్నవి. ఐక్యరాజ్య సమితి వైకల్యహక్కుల సంఘము 2019లో భారతదేశ నివేదికను పరిశీలించుచు 'దివ్యాంగజన్' అను మాటపై ఆందోళన తెలిపినది. నేను 'వైకల్యముగల' అని వ్రాయుచున్నాను. అందమైనది కాకున్నను, ఆ మాటలో దయ లేదు.

2011 జనగణనమున వైకల్యముగలవారు 2.68 కోట్లు, వారిలో స్త్రీలు 1.18 కోట్లు. 2006 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో ఆరవ అధికరణము ప్రత్యేకముగ స్త్రీలను గూర్చినది. భారతదేశము దానిని 2007లో ధ్రువీకరించెను. 2016 చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. వీని నన్నిటిని గ్రామ స్త్రీకి తెలుపు పాఠములను ఇంగ్లీషునుండి యథాతథముగ దింపుకొన్నచో మరల కాళ్లపై నిలబడుమనియే చెప్పుదుము. కావున పారిభాషిక పదపట్టికను విశ్వవిద్యాలయ శాఖలు ఒంటరిగ కూర్పరాదు. చక్రాల కుర్చీలో నున్నవారు, అంధులు, బధిరులైన స్త్రీలు కూర్చున్న సభలో ఒక్కొక్క పలుకుబడిని ముందుంచి, దీనికి మీరేమందురని అడిగి వ్రాసికొనవలెను. బధిరులు చూపు సైగలను దృశ్యరూపమున భద్రపరచవలెను. మొదటి పుటలో అడుగవలసినది 'తన కాళ్లపై తాను నిలబడుట' కు మారుమాట.