పెరటి చెట్టు మందుకొచ్చే వేళ

పొయ్యి మీంచి దించి పక్కన పెట్టిన స్నానం నీళ్ళ గిన్నె ఒరిగి, మా పాప మెడ, కుడిభుజం, మోచేతి మడత దాకా కాలింది. దానికింకా మూడో ఏడు నిండలేదు. సంక్రాంతి నెల, తెల్లవారుజాము. కేక విని ముందు పరిగెత్తుకొచ్చింది పక్కింటి పిన్నిగారు, చేతిలో పసుపు డబ్బాతో. వెనకాలే మా అత్తయ్య, గిన్నెలో దోసెల పిండితో. ఇంట్లో సిరా బుడ్డి ఉందా అని ఇంకెవరో అడుగుతున్నారు. నీళ్ళ కుళాయి మాకు మూడడుగుల దూరంలో ఉంది. దాన్ని తిప్పాలని వాళ్ళకు తోచలేదు. నాకూ తోచలేదు.

రెండు గంటల తర్వాత ఆసుపత్రిలో, అట్టకట్టిన పిండినీ పసుపునీ నర్సమ్మ తడిపి, నానబెట్టి, గాజుగుడ్డతో కొంచెం కొంచెంగా ఒత్తి తీసింది. వేడినీళ్ళు పడ్డప్పుడు ఏడ్చిన దానికన్నా అప్పుడే ఎక్కువ ఏడ్చింది పాప. అంతా తీశాక కూడా డాక్టరు చాలాసేపు వంగి చూస్తూ ఉండిపోయారు. చర్మం ఎర్రగా, తడిగా ఉంటే గాయం పైపైదని, తెల్లగా పాలిపోయి ఉంటే లోతైనదని చెప్పేది ఆ రంగే. మేం దాని మీద పసుపు పూసి పెట్టాం.

ఇది జరిగి పదకొండేళ్ళయింది. ఇప్పటికీ తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో ఏ పిల్లాడి మీదైనా సాంబారు పడితే నాకు ఫోను వస్తుంది. “ఏం రాస్తే త్వరగా మానుతుందండీ? ఇంట్లో దొరికేదేదైనా చెప్పండి” అని. ఆ ప్రశ్న వెనకాల ఉన్నది మూఢత్వం కాదు. బిడ్డ అల్లాడుతుంటే తల్లి చెయ్యి ఊరుకోదు, అంతే. అందుకే నేను వాళ్ళను కసురుకోను. ఇంట్లో మందు లేదనీ అనను. బోలెడుంది, దేని వేళ దానిది.

మొదటి మందు మంచినీళ్ళు. కుళాయి కింద గానీ, చెంబుతో ధారగా పోస్తూ గానీ ఇరవై నిమిషాలు. గడియారం చూసుకోండి, కంగారులో రెండు నిమిషాలే ఇరవైలా అనిపిస్తాయి. ఆలస్యమైనా ఫరవాలేదు, కాలిన మూడు గంటల దాకా ఈ చల్లదనం పనిచేస్తుంది. ఐసు మాత్రం వద్దు, అది చర్మాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. నీళ్ళు పోస్తూనే బట్టలు, గాజులు, మొలతాడు తీసేయండి, వాపొచ్చాక రావు. చర్మానికి అతుక్కున్న బట్టను మాత్రం లాగకండి. పసిపిల్లలు తొందరగా చల్లబడిపోతారు కాబట్టి కాలని భాగాన్ని దుప్పటితో కప్పండి. ఆ తర్వాత ఉతికిన పల్చటి నూలుగుడ్డ కప్పి ఆసుపత్రికి. బండి లేకపోతే 108 ఉంది.

ఎంత కాలితే పెద్దదనుకోవాలి? బిడ్డ అరచెయ్యి, వేళ్ళతో సహా, వాడి ఒంట్లో సుమారు నూటికి ఒక వంతు. పది అరచేతులు దాటితే ఒంట్లో నీరు ఎంత వేగంగా పోతుందంటే, నోటితో తాగించి సరిపెట్టలేం, సెలైన్ ఎక్కించాల్సిందే. ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ళ మీద అయితే ఒక్క అరచెయ్యంత కాలినా అదే రోజు చూపించాలి. కరెంటు షాక్ అయితే పైకి కనిపించేది గింజంత మచ్చే అయినా సరే. టెటనస్ ఇంజెక్షన్ సంగతి డాక్టరును మీరే గుర్తుచేయండి.

“మరి తేనె మంచిదంటారు, అరటాకు మంచిదంటారు, అదంతా అబద్ధమా?” అని అడుగుతారు. అబద్ధం కాదు. పైగా ఆ పరిశోధనలు చేసింది మన దేశపు డాక్టర్లే. సోలాపూర్‌లో డాక్టర్ ఎం. సుబ్రహ్మణ్యం తేనెలో తడిపిన గాజుగుడ్డనూ, ఆసుపత్రుల్లో మామూలుగా రాసే తెల్ల క్రీము సిల్వర్ సల్ఫాడయజీన్‌నూ పోల్చి చూశారు. పైపై గాయాలు తేనె కట్టుతోనే ముందు మానాయని 1991లో ప్రచురించారు. ముంబైలో డాక్టర్ ఎం. హెచ్. కేస్వానీ 1980లలోనే ఉడికించిన బంగాళదుంప తొక్కలతో కట్లు కట్టారు. అదే ఊళ్ళో డాక్టర్ మాధురి గోరే అరటాకు కట్టు గురించి 2003లో రాశారు. ఆకు నున్నగా ఉంటుంది, పుండుకు అంటుకోదు, విప్పేటప్పుడు నొప్పి తక్కువ, ఖర్చు దాదాపు లేదు. ఫోన్లలో తిరిగే వీడియో, బ్రెజిల్‌లో కాలిన గాయాల మీద చేపచర్మం కప్పేది, అది కూడా కట్టుకథేం కాదు.

కానీ ఆ అరటాకు మన పెరట్లోంచి కోసి నేరుగా వేసింది కాదు. కడిగి, ఆవిరి యంత్రంలో పెట్టి, క్రిములు లేకుండా చేశాకే గాయం మీద వేశారు. గాయాలకు వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేసి, సీలు వేసి అమ్ముతారు, అది మన వంటింటి సీసాలోది కాదు. కలబంద కూడా అంతే. ఎండకు కమిలిన చర్మానికో, పొక్కని చిన్న చురుక్కో పరవాలేదు గానీ, తోలు ఊడిన చోట మట్టికుండీలోంచి కోసిన మట్టను రుద్దితే, ఆ మట్టిలో ఉన్నవన్నీ లోపలికి దిగుతాయి. ఇక చర్మం పూర్తి మందాన కాలిపోతే అక్కడ కొత్త చర్మాన్ని మొలిపించే ఆకు ఏదీ లేదు. ఒంటిలోనే వేరేచోట నుంచి చర్మం తీసి అతకాలి. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో, దాతల చర్మాన్ని దాచే స్కిన్ బ్యాంకు పెట్టింది ఇలాంటి గాయాల కోసమే. కాబట్టి కట్టు విప్పి మీ అంతట మీరేమీ రాయకండి. తేనె కట్టు మీద మీకు మనసుంటే డాక్టరునే సూటిగా అడగండి. కసురుకునే డాక్టర్లు ఉంటారు, నిజమే, అయినా అడగండి.

ఇంటి వైద్యం అసలు మొదలయ్యేది కంచంలో. మనం ఎక్కువ తప్పు చేసేదీ అక్కడే.

మేం ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే బంధువులు పథ్యం చెప్పారు. పప్పు పెట్టొద్దు, చీము పడుతుంది. గుడ్డు వేడి. వంకాయ దురద. పెరుగు చలవ, చేప అసలే వద్దు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది చారన్నం. వారం రోజులు నేను నిజంగానే చారన్నం పెట్టాను. తూకం వేస్తే పాప అరకిలో తగ్గింది, దాని ఒంటికి అది తక్కువేం కాదు. ఆసుపత్రిలో డైటీషియన్ అమ్మాయి కోప్పడలేదు. “ఇల్లు కడుతూ ఇటుకలు మాన్పించేశారండీ” అంది, అంతే.

చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. కాలిన ఒళ్ళు లోలోపల పెద్ద మంట పెట్టిన పొయ్యిలా ఉంటుంది. తిన్నది తిన్నట్టు ఖర్చుచేస్తుంది, తిండి చాలకపోతే సొంత కండనే కరిగించుకుంటుంది. పెద్ద గాయాలున్న పిల్లలకు కిలో బరువుకు రోజుకు రెండున్నర నుంచి నాలుగు గ్రాముల మాంసకృత్తులు కావాలని లెక్కవేస్తారు. పన్నెండు కిలోల బిడ్డకు ముప్ఫై గ్రాములకు పైమాటే. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. మీ బిడ్డకు ఎంతన్నది మీ డాక్టరు చెప్పాలి గానీ, చారన్నంతో అది తేలదని మాత్రం నేను చెప్పగలను.

మా ఇంట్లో కుదిరింది ఇలా: పొద్దున పాలు పోసిన రాగిజావ, కాసేపాగి ఉడికిన గుడ్డు, మధ్యాహ్నం ముద్దపప్పులో నెయ్యి, గడ్డపెరుగు, సాయంత్రం వేరుశనగ ఉండో నువ్వుండో, రాత్రి పెసరట్టు. చేప దొరికిన రోజు ముళ్ళు తీసి చేప. రోజుకో జామపండు. కమలాపండు కన్నా జామలో సి విటమిన్ చాలా ఎక్కువ, పుండు మానడానికి అది తప్పనిసరి, పైగా మా వీధి చివరే బండి మీద దొరుకుతుంది. ఒకేసారి కుక్కితే కక్కేస్తారు, రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు చాలు. పిన్నిగారి పసుపుకు కూడా చోటు దొరికింది, రాత్రి పాలలో చిటికెడు. అది తాగించేదీ ఆవిడే, నేను తాగిస్తే తాగేది కాదు. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె నాకించకండి, కాలినా కాలకపోయినా. మత్తిచ్చి కట్టు మార్చే రోజున పస్తు ఉంచమంటే గట్టిగా పాటించండి, “పాపం ఒక్క బిస్కెట్టే కదా” అనొద్దు.

నొప్పి మందును పొదుపు చేయకండి. కట్టు మార్చడానికి ఎంత ముందు వేయాలో అడిగి, వేళకు వేయండి. నొప్పితో బిగుసుకున్న పిల్లలకు తిండీ నిద్రా రెండూ ఉండవు. “ఏం నొప్పి పుట్టదులే” అని అబద్ధం కూడా చెప్పకండి, రెండో రోజు నుంచి మిమ్మల్ని నమ్మరు. కట్టును తడిపే పని పాప చేతికిస్తే సగం భయం పోయేది. చిన్న గాయమైనా సరే, మొదటి రోజుల్లో జ్వరం ఎక్కువగా వచ్చినా, ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, విరేచనాలు కనిపించినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, కట్టు వాసన మారినా తెల్లారేదాకా ఆగకండి.

ఇక కొబ్బరినూనె. పుండు పూర్తిగా మూసుకుని, ఎక్కడా తడి, పెచ్చు లేదని డాక్టరు చెప్పాక దాని రాజ్యం మొదలవుతుంది. కొత్త చర్మంలో జిడ్డు ఊరదు, ఎండి పగులుతుంది. వాసన కలపని మామూలు కొబ్బరినూనె చాలు. పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని, బొటనవేలితో మచ్చ తెల్లబడేంత ఒత్తి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దేదాన్ని. పూటకు పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు.

మానిన రెండో నెలలో మచ్చ మళ్ళీ ఎర్రగా ఉబ్బడం మొదలెట్టింది. నా గుండె జారిపోయింది, నూనె పడలేదేమో అనుకున్నాను. కాదు. మానడానికి మూడు వారాలు దాటిన గాయాల తీరే అంత. ఒకటి నుంచి మూడు నెలల మధ్య లేచి, ఆరో నెలకు బాగా గట్టిపడి, మెత్తబడటానికి ఏడాది, రెండేళ్ళు తీసుకుంటాయి. మచ్చను అదిమి ఉంచే బిగుతు చొక్కా ఇస్తే రోజుకు ఇరవైమూడు గంటలు తొడగాలి, నూనె తుడిచేశాకే. మే నెలలో అది తొడగడం ఎంత నరకమో నాకు తెలుసు. ఉతుక్కోవడానికి రెండు జతలు కుట్టించుకోండి. దురదకు తడిగుడ్డ, పొట్టిగోళ్ళు, మెత్తటి నూలుబట్టలు. రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే డాక్టరు సిరప్ ఇస్తారు. కొత్త చర్మం ఎండకు ఇట్టే నల్లబడుతుంది, గొడుగు మానకండి. ఎక్కువ మేర చర్మం అతికిన పిల్లలకు అక్కడ చెమట పట్టదు, వాళ్ళను మండుటెండలో ఆడనివ్వకండి.

ఇదంతా ఒకెత్తు, మెడ ఒకెత్తు. మెడ కాలిన బిడ్డకు గడ్డం ఛాతీకి ఆన్చుకుంటే హాయి. నేనూ పాపమని అలాగే భుజాన వేసుకుని తిప్పాను. ఫిజియోథెరపీ అమ్మాయి చూసి నెత్తి కొట్టుకుంది. హాయిగా ఉన్న వంపులోనే చర్మం ముడుచుకుని బిగుసుకుపోతుంది, తర్వాత తల ఎత్తలేరు. దిండు తీసేయించింది. తువ్వాలు చుట్టచుట్టి భుజాల కింద పెట్టించింది. చేయి చాపి ఉంచడానికి అట్ట కట్టించింది. రోజుకు పదిసార్లు తల పైకెత్తించమంది. మూడేళ్ళ పిల్ల మాటవింటుందా? అప్పుడు పనికొచ్చింది మా పెరటి చెట్టు, కొబ్బరిచెట్టు. పెరటి చెట్టు మందుకు రాదంటారు గానీ, దాని కింద నిలబెట్టి “కాయలెన్నో చెప్పు” అంటే ఆకాశంలోకి మెడ చాచి, చేయి చాపి చూపిస్తూ లెక్కపెట్టేది. దానికి పది దాకానే వచ్చు. పది అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది, అదీ మంచిదే అయింది.

తల్లులతో ఒక మాట. “నువ్వేం చేస్తున్నావ్ అప్పుడు?” అని అడుగుతారు. మామగారు అడుగుతారు, మీ ఆయనా అడుగుతారు, బస్సులో పక్క సీటావిడ కూడా అడుగుతుంది. నేను కొన్నాళ్ళు అందరికీ సంజాయిషీ చెప్పాను. తర్వాత మానేశాను. మానేశాక ఆ ఓపిక నూనె రుద్దడానికి మిగిలింది. తండ్రులు కట్టు మార్చే గదిలోకి ఒక్కసారైనా రండి, ఆ ప్రశ్న మళ్ళీ అడగరు. బడికి పంపేముందు బిడ్డకొక వాక్యం నేర్పండి. మా పాప వాక్యం, “వేడినీళ్ళు పడ్డాయి, ఇప్పుడు నొప్పి లేదు, ఆడుకుందామా”. అడిగినవాళ్ళలో నూటికి తొంభైమంది పిల్లలు ఆ మూడో ముక్కకే జవాబు చెప్పారు.

ఒళ్ళు ఎదిగినంతగా మచ్చ ఎదగదు. మోచేతి మడత దగ్గర బిగిసి, పోయినేడు చిన్న ఆపరేషన్ చేయించాం. ఆ తర్వాత మళ్ళీ నూనె గిన్నె బయటికొచ్చింది. ఇప్పుడు తనే రాసుకుంటుంది, నన్ను ముట్టుకోనివ్వదు. మొన్న వేసవిలో చెట్టు కింద నిలబడి, నేను అడక్కుండానే తల పైకెత్తి, “అమ్మా, పద్దెనిమిది” అంది. నేను లెక్కపెడితే పదహారే.