మేజర్ పద్మపాణి ఆచార్య

లంజిపల్లిలోను బరంపురములోను తెలుగు మాటలాడు మన పిల్లలను “మీ స్వస్థలమేది?” అని యడుగువారు నేటికిని కలరు. 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు గంజాము మద్రాసు రాజధానిలో నుండెననియు, మన పెద్దలలో అనేకులు ఊరు కదలకయే మరియొక రాష్ట్రమువారైరనియు చెప్పబూనినచో వినువారికి ఓపిక యుండదు. కనుక ఈ సంచికలో, ఎదురు దిక్కుగా నడచిన యొక కుటుంబమును గూర్చి వ్రాయుచున్నాము. వారు ఒడిస్సావారు, నివాసమేర్పరచుకొనినది హైదరాబాదులో.

తండ్రి జగన్నాథ ఆచార్యగారు భారత వాయుసేనలో వింగ్ కమాండరు. 1965, 1971 యుద్ధములలో పాల్గొనినవారు. కుమారుడు పద్మపాణి ఉస్మానియా విశ్వవిద్యాలయములో పట్టము పొంది, మద్రాసులో సైనికాధికారుల శిక్షణ ముగించి, 1994లో రాజపుతానా రైఫిల్సులో చేరెను. అతనిది ఆ దళపు రెండవ పటాలము.

1999 వేసవిలో పాకిస్తాను సైనికులు కార్గిల్ ప్రాంతమున చొరబడి శిఖరములను ఆక్రమించిరి. శ్రీనగరునుండి లేహ్‌నకు పోవు బాట ద్రాస్ వద్ద ఆ శిఖరముల దిగువనే సాగును. పైనున్నవాడు క్రింద పోవు ప్రతి లారీని చూడగలడు, కొట్టగలడు. మనమెరిగిన మహేంద్రగిరి ఎత్తు అయిదువేల అడుగులకు లోపలనే. ద్రాస్ ఊరే పదివేల అడుగులకు పైన నున్నది. శిఖరములు ఇంకను పైన. అచ్చట గాలి పలుచన, చెట్టు లేదు, దాగుటకు రాతి మాటు తప్ప మరేమియు లేదు.

జూన్ 13న తోలోలింగ్ శిఖరమును ఈ పటాలమే గెలుచుకొనెను. జూన్ 28 రాత్రి మరియొక స్థావరముపై దాడి జరిగెను. చుట్టును మందుపాతరలు, ఎదుట మరతుపాకులు. శత్రువుల ఫిరంగి గుండ్లు ముందు నడచు ప్లటూనుపై పడి, పలువురు నేలకొరిగిరి. దాడి ఆగిపోవునట్లుండెను. కంపెనీ నాయకుడైన ఆచార్య వెనుక నిలిపియుంచిన ప్లటూనును తానే వెంటబెట్టుకొని, గుండ్ల వానలో నిటారైన రాతిగోడ నెక్కెను. ప్రాకుచు బంకరును సమీపించి చేతిబాంబులు విసరెను. తూటాలు తగిలి కదలలేని స్థితిలో, తన్ను విడిచి ముందునకు సాగుడని సైనికుల నాజ్ఞాపించి, తాను పడియున్న చోటినుండియే కాల్పులు సాగించెను. స్థావరము చిక్కెను, అతడు దక్కలేదు. ముప్పది యేండ్ల ప్రాయము. పుట్టినరోజు గడచి సరిగా వారము. ఆ పోరులోనే నాగాలాండువాడైన కెప్టెన్ కెంగురూసే, ఇరువది రెండేండ్ల కెప్టెన్ విజయంత్ థాపర్ అసువులు బాసిరి.

ఆచార్యకు మరణానంతరము మహావీర చక్రము లభించెను. యుద్ధమున చూపిన శౌర్యమునకిచ్చు బిరుదములలో ఇది పరమవీర చక్రమునకు తరువాతిది. 2003లో వచ్చిన హిందీ చలనచిత్రము ‘ఎల్ఓసీ కార్గిల్’లో అతని పాత్రను మన అక్కినేని నాగార్జున ధరించెను. అది చూచి ఆచార్యను తెలుగువాడే యనుకొను పిల్లలుందురు. ఒడియా మిత్రులు మావాడందురు. ఇరువురిని దిద్దుటకు మాకు మనసొప్పదు.

ఆ దాడికి తొమ్మిది దినముల ముందు, జూన్ 19న, అతడు తండ్రికి వ్రాసిన జాబు తరువాత లోకమునకు తెలియవచ్చినది. ప్రాణనష్టము తమ వృత్తిలో నుండు ప్రమాదమేయనియు, దానికై చింతింపవలదనియు అందు వ్రాసెను. భార్య అప్పుడు గర్భవతి. ఆమెకు దినమునకొక భారతకథ చెప్పుడని తండ్రిని కోరెను. పుట్టబోవు బిడ్డకు మంచి సంస్కారము అబ్బవలెనని అతని కోరిక. కడుపులోని అభిమన్యుడు పద్మవ్యూహపు కథ విన్న సంగతి మీరెరుగుదురు.

ఒడియాలో భారతమును సారళాదాసు 15వ శతాబ్దమున రచించెను. తెలుగున నన్నయ, తిక్కన, ఎఱ్ఱనలు అంతకు పూర్వమే ముగించిరి. తాతగారు ఏ భారతము చెప్పవలెనో జాబులో లేదు. కొన్ని నెలలకు ఆడపిల్ల పుట్టినది. పెరిగి పెద్దదై, తాను చూడని తండ్రిని గూర్చి పుస్తకము వ్రాసినది.