టెక్సాస్‌లో కాపురమున్న అబ్బాయికి, కడుపుతో ఉన్న కోడలికి: బయటి భోజనం గురించి

టెక్సాస్‌లో ఊరి వంట అంటే సగానికి సగం మెక్సికో వంటే. డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో ఊళ్ళలో తెలుగువాళ్ళ కాపురాలు ఎక్కువ, బిర్యానీ హోటళ్ళకూ కొదవలేదు. అయినా వీధి వీధినా దొరికేది మాత్రం టోర్టియా అనే మొక్కజొన్న రొట్టె, ఉడకబెట్టి మెదిపిన చిక్కుడు గింజలు, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం కలిపిన సల్సా పచ్చడి. జొన్నరొట్టె, పప్పు, రోటిపచ్చడి తిని పెరిగిన పల్నాటి నాదెండ్ల మనిషికి ఈ పళ్ళెం అంత పరాయిది కాదు. పల్నాటి కళ్ళాల్లో ఎండే మిరప పుట్టినిల్లు కూడా ఆ మెక్సికో ప్రాంతమే. పోర్చుగీసు ఓడలు 16వ శతాబ్దంలో దాన్ని మన తీరానికి చేర్చాయి.

కోడలు నెల తప్పిందని తెలియగానే ఊళ్ళో పెద్దవాళ్ళు ఫోన్‌లో చెప్పే మొదటి మాట, బయట ఏమీ తినవద్దని. ప్రేమతో చెప్పే మాటే అది. కానీ తొమ్మిది నెలలూ పుట్టింటికీ అత్తింటికీ దూరంగా, ఇద్దరే ఉన్న ఇంట్లో, వేవిళ్ళతో పొయ్యి దగ్గర నిలబడలేని రోజుల్లో ఆ నియమం నిలవదు, నిలవాల్సిన అవసరమూ లేదు. పరదేశపు వంట అయినంత మాత్రాన గర్భిణికి కీడు చేయదు. కారం బిడ్డను తాకదు. నెలలు నిండే కొద్దీ తల్లికి గుండెల్లో మంట పెంచుతుంది, అంతే. అసలు ప్రమాదం సరిగా ఉడకనిదాంట్లో, ఉడికాక చల్లారి నిలవున్నదాంట్లో ఉంటుంది.

అందులో ముందు తెలుసుకోవలసింది లిస్టీరియా అనే సూక్ష్మజీవి గురించి. మిగతా క్రిములు చాలావరకు చలికి ముడుచుకుంటే ఇది ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. మామూలు మనిషిలో కాస్త జ్వరంతో పోయే ఈ జబ్బు గర్భిణిలో మాయను దాటి బిడ్డను చేరుతుంది. గర్భం పోవడానికీ, నెలలు నిండకుండా కాన్పు కావడానికీ దారితీస్తుంది. 1985లో లాస్ ఏంజలెస్ కౌంటీలో మెక్సికో తరహా మెత్తని జున్ను వల్ల ఇది వ్యాపించి 142 మందికి సోకింది. వాళ్ళలో 93 కేసులు గర్భిణులవీ, పసిబిడ్డలవీ. కేసో ఫ్రెస్కో అనే ఆ రకం జున్ను ఇప్పటికీ అక్కడి టాకోల (టోర్టియాలో కూర పెట్టి మడిచినవి) మీద, చిక్కుడు గింజల మీద పన్నీరు పొడిలా చల్లి వస్తుంది. పాశ్చరైజ్ చేసిన పాలతో చేసినా, తయారీలో మళ్ళీ కలుషితమయ్యే వీలుంది. కాబట్టి చల్లగా చల్లింది వద్దని ముందే చెప్పాలి. పొగలు కక్కేలా వేడి చేసిన జున్ను వంటకానికి ఆ భయం లేదు. సాండ్‌విచ్‌లలో పెట్టే చల్లని మాంసపు ముక్కలకూ, పొగబెట్టిన చల్లని చేపకూ ఇదే వరస. బాగా వేడి చేయించుకుని తినాలి, లేదా మానుకోవాలి.

ఇవన్నీ వెయిటర్‌ను అడిగే పని అబ్బాయిది. వికారంతో కూర్చున్న మనిషి చేత పదిసార్లు అడిగించకూడదు. జున్ను ఏ రకం, మాంసం లోపలిదాకా ఉడికిందా, పళ్ళరసం పాశ్చరైజ్ చేసిందేనా అనే మూడు ప్రశ్నలతో చాలావరకు తేలిపోతుంది. శాకాహారులైతే ఇంకో ప్రశ్న కూడా ఉంది. మెదిపిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం వేయడం అక్కడ మామూలు.

సెవిచే అనే వంటకం దగ్గర చాలామంది పొరబడతారు. పచ్చి చేపముక్కలను నిమ్మరసంలో నానబెడితే తెల్లబడి ఉడికినట్టే కనబడతాయి. పులుపు చేప రంగును మారుస్తుంది గానీ క్రిములను నమ్మకంగా చంపదు. గర్భిణికి అది పచ్చి చేపతో సమానం, పచ్చి చేపతో చేసే సుషీ కూడా అంతే. అలాగని చేప మొత్తం మానడం నష్టం. బిడ్డ మెదడుకు కావలసిన కొవ్వులు అందులో ఉన్నాయి. పాదరసం తక్కువగా ఉండే సాల్మన్, తిలాపియా, క్యాట్‌ఫిష్, రొయ్యలు వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తినవచ్చని అమెరికా ప్రభుత్వ సంస్థల సలహా. సొర, కత్తిచేప, కింగ్ మాకెరెల్ వద్దని కూడా ఆ సంస్థలే చెబుతాయి. మనవాళ్ళు ఇష్టపడే వంజరం ఈ కింగ్ మాకెరెల్ జాతికి దగ్గరిది. ఇండియన్ స్టోర్లలో కింగ్ ఫిష్ పేరుతో కనిపించినప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

పళ్ళెంలో మేలు చేసేవి చాలా ఉన్నాయి. అక్కడ టోర్టియా పిండి కోసం మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బుతారు, దానివల్ల రొట్టెలో కాల్షియం పెరుగుతుంది. మొక్కజొన్న పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడానికి అమెరికా 2016లో అనుమతించింది. అయితే అన్ని కంపెనీలూ కలపవు, కాబట్టి డాక్టరు రాసిన మాత్ర ఆపకూడదు. చిక్కుడు గింజల్లో ఇనుము ఉంది. నిమ్మకాయ పిండుకుని తింటే అది ఒంటికి బాగా పడుతుంది, భోజనంతో పాటు టీ తాగితే సరిగా పట్టదు. కాఫీ, టీ, కోలాలన్నీ కలిపి కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. అడిగినన్నిసార్లు గ్లాసు నింపే అక్కడి ఐస్ టీతో ఈ లెక్క తప్పుతుంది, తీపి కలిపినదైతే చక్కెర కూడా ఎక్కువ. దక్షిణాసియా స్త్రీలకు గర్భంతో వచ్చే మధుమేహం ముప్పు ఎక్కువ. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజు పరీక్ష చేస్తారు, దాన్ని వాయిదా వేయకూడదు. భోజనానికి ముందు ఉచితంగా పెట్టే చిప్స్ బుట్ట పక్కకు జరిపి, అన్నమో రొట్టెయో ఏదో ఒకటే తీసుకుంటే మంచిది.

అక్కడ ఒక పళ్ళెం ఇద్దరికి సరిపోతుంది. మిగిలింది డబ్బాలో కట్టించుకోవడం అందరూ చేసేదే, తప్పేమీ లేదు. కానీ టెక్సాస్ ఎండ పల్నాటి ఎండకు తీసిపోదు. డబ్బా కారులో పెట్టి షాపింగ్‌కు వెళ్ళకూడదు. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన వేడిలోనైతే గంట మాత్రమే. నేరుగా ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు మధ్యదాకా 74 డిగ్రీలకు చేరేలా వేడి చేయాలి. అన్నం విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

బొప్పాయి మాట కూడా పెద్దవాళ్ళు ఎత్తుతారు. పాలు కారే పచ్చికాయ మానాలన్నది సరైన జాగ్రత్తే. థాయ్ హోటళ్ళలో సలాడ్ చేసేది ఆ పచ్చికాయతోనే. బాగా పండిన బొప్పాయిలో ఆ పాలు దాదాపు ఉండవు, ఇంట్లో కడిగి కోసిన నాలుగు ముక్కలకు బెదరనక్కరలేదు. మద్యం మాత్రం చుక్క కూడా పనికిరాదు. మార్గరీటా తాగాలనిపిస్తే మద్యం లేకుండా చేసిస్తారు.

ఇంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి జ్వరం, ఒళ్ళు నొప్పులు, విరేచనాలు వస్తాయి. లిస్టీరియా తిన్న రోజునే బయటపడాలని లేదు, రెండు నెలల తర్వాత కూడా బయటపడవచ్చు. అందుకని జ్వరం వస్తే ఊరికి ఫోన్ చేసి కషాయం అడిగే ముందు ప్రసూతి డాక్టరుకు ఫోన్ చేయాలి. ఈమధ్య ఎక్కడ ఏం తిన్నదీ అబ్బాయి గుర్తుపెట్టుకుని చెప్పాలి. రక్తపరీక్షతో జబ్బు తేలుతుంది, సకాలంలో యాంటీబయాటిక్ పడితే బిడ్డను కాపాడుకునే వీలుంటుంది.