అద్దెకిచ్చే ఇల్లు కొనే ముందు

బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మే ఒక అక్క ఉంది. పన్నెండేళ్లు పొయ్యి ముందు కూర్చుంది. చీటీలు కట్టి రెండున్నర లక్షలు కూడబెట్టింది. ఒక చిన్న ఇల్లు కొని అద్దెకిస్తే, కాళ్లూ చేతులూ ఆడని రోజున నెల నెలా డబ్బు వస్తుందని ఆమె ఆశ. మంచి ఆశే.

అదే వీధిలో రెండు గదుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. ధర 6 లక్షలు. అద్దె నెలకు 3,500 వస్తుంది. స్టాంపులకు, రిజిస్ట్రేషనుకు 50 వేలు పక్కన పెట్టింది. మిగిలిన 2 లక్షలు ధరలోకి పోతాయి. ఇంకా 4 లక్షలు అప్పు చేయాలి.

"నూటికి రెండు రూపాయలేగా, నేనిస్తాను" అన్నాడు వడ్డీ వ్యాపారి. రెండు రూపాయలంటే చిన్న మాటలా వినిపిస్తుంది. కాని అది నెలకు. ఏడాదికి నూటికి 24 రూపాయలు. 4 లక్షలకు నెల వడ్డీ 8,000. అద్దె 3,500. నెల నెలా 4,500 చేతినుంచి పడుతుంది. అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు!

బ్యాంకులో అయితే ఎట్లా? ఏడాదికి నూటికి 9 రూపాయల వడ్డీ, 15 ఏళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా సుమారు 4,057 రూపాయలు. అందులో వడ్డీ కొంత, అసలు కొంత. గడువు అయ్యేసరికి అప్పు తీరిపోతుంది.

"అద్దె పోను 557 కడితే చాలుగా వదినా!" అంది అక్క.

"పన్నెండు నెలలూ అద్దె వస్తుందా? ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు నెల గడిచిపోదూ? ఇంటిపన్ను ఎవరు కడతారు? సున్నం ఎవరు వేయిస్తారు?" అని అడిగింది వదిన.

ఇద్దరూ కాగితం మీద లెక్క వేశారు. 11 నెలల అద్దె 38,500. పన్నుకు, సున్నానికి, రిపేర్లకు 3,500 తీసేశారు. మిగిలింది 35,000. బ్యాంకుకు ఏడాదికి కట్టాల్సింది 48,684. తేడా 13,684. అంటే నెలకు సుమారు 1,140 రూపాయలు ఇడ్లీల డబ్బులోంచి పెట్టాలి. అక్క పెట్టగలదు. మరి జ్వరం వచ్చి బండి పెట్టని నెలలో? అందుకే మూడు నెలల వాయిదాల డబ్బు విడిగా దాచాకే కొనాలనుకుంది.

"ఇంకో బేరం ఉందమ్మా, ఈ రోజే బయానా ఇచ్చేయండి" అన్నాడు మధ్యవర్తి. ఇలా తొందర పెట్టినప్పుడే ఆగాలి. ముందు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీసుకోవాలి. ఆ ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, తాకట్టు రిజిస్టరై ఉందో లేదో అందులో ఉంటుంది. రిజిస్టరు కానివి అందులో కనపడవు. కనుక అసలు దస్తావేజులు కూడా చూపించమనాలి. జిరాక్సులు చాలవు. అసలు కాగితాలు ఏ బ్యాంకులోనో ఉండవచ్చు.

ప్రభుత్వం పేదలకిచ్చిన పట్టా స్థలమైతే మరీ జాగ్రత్త. అటువంటి భూముల అమ్మకాలను 1977 చట్టం నిషేధించింది. తరువాత కొన్ని మార్పులు వచ్చాయి. తహశీల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

ఈ ఇల్లు అమ్మే ఆయనకు తాతల నాటి నుంచి వచ్చింది. ఆయనకు ఇద్దరు చెల్లెళ్లు. "వాళ్లకు పెళ్లిళ్లయిపోయాయి, వాళ్ల సంతకాలెందుకు?" అన్నాడు. ఎందుకంటే, హిందూ వారసత్వ చట్టం 2005లో మారింది. తాతల ఆస్తిలో కూతురికి, పెళ్లయినా సరే, కొడుకుతో సమానంగా వాటా ఉంది. చెల్లెళ్లు సంతకం పెట్టకపోతే రేపు కోర్టుకు వెళ్లవచ్చు. వెళ్లడం తప్పు కూడా కాదు. వాళ్ల వాటా డబ్బు వాళ్లకు చేరాలి కదా!

"తెల్లకాగితం మీద రాసుకుంటే ఖర్చు తగ్గుతుంది" అన్నాడు మధ్యవర్తి. అక్క ఒప్పుకోలేదు. 1908 నాటి చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువ చేసే ఇంటి అమ్మకం రిజిస్టరు కావాలి.

ఇక ఎవరి పేరు మీద రాయించాలి? "ఎవరి పేరైతే ఏముంది?" అన్నాడు భర్త. "అయితే నా పేరే రాయిద్దాం" అంది అక్క. హిందూ స్త్రీ పేరు మీద ఉన్న ఆమె ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు అని 1956 చట్టం చెబుతుంది. అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా ఆమె సంతకం కావాల్సిందే.

లెక్క వేయండి: 3 లక్షల అప్పు. నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ. నెల వడ్డీ ఎంత? అద్దె 2,500 వస్తే చేతినుంచి ఎంత పడుతుంది?