గనిలో తొలి అడుగు

తెల్లవాఱుటకు ఇంకను చాల సేపు కలదు. కొత్తగూడెము, ఇల్లెందు, గోదావరిఖని మొదలగు బొగ్గుగనుల పట్టణములలో తొలి షిఫ్టు కార్మికులు సద్దిగిన్నెలు సర్దుకొని ఇండ్లనుండి బయలుదేఱు వేళ. వారు గనిముఖమునకు చేరకముందే ఒక మనిషి లోపలికి దిగిపోయి యుండును. అతని చేత పాఱ లేదు; తట్ట లేదు. గ్యాసును పసికట్టు సాధన మొకటి, పొడవైన కఱ్ఱ యొకటి, జేబులో ఒక సుద్దముక్క, ఒక పుస్తకము - ఇవియే అతని పనిముట్లు. అతడు బొగ్గు త్రవ్వుటకు పోలేదు. ఆ దినమున అచ్చట బొగ్గు త్రవ్వవచ్చునో కూడదో తెలిసికొనుటకు పోయెను. అతనిని మైనింగు సర్దారు అందురు. గనిలో కొంత భాగము అతనికి అప్పగింపబడి యుండును. ఆ భాగమంతయు అతడు తిరిగి చూచి, భయము లేదని చెప్పినగాని కార్మికు లెవరును లోనికి పోరాదని చట్టము.

అయితే ఈ పరీక్ష గనిలో కాలు పెట్టినపుడు ఆరంభమగునది కాదు. సర్దారు మొదట చేయవలసిన పని వెనుకటి షిఫ్టు సర్దారు వ్రాసిన పుటను చదువుట. రాత్రి ఎచ్చట మందు పేల్చిరి? ఎచ్చట పైకప్పునకు ఊతములు చాలలేదు? ఎచ్చట నీరు ఊరుచున్నది? గాలిని లోనికి నడపు పెద్ద పంకా నడుమ ఆగినదా? ఇవి తెలిసినపిమ్మట ముందు ఏ మూలకు పోవలయునో అతడు నిశ్చయించుకొనును. మందు పేల్చిన చోట పైరాయి కదలి యుండును గనుక అది ముందు చూడదగినది. తుపాను సమీపించి వాయుపీడనము తగ్గినపుడు, పాడువడిన పాత సొరంగములలో నిలిచియున్న గ్యాసు వ్యాకోచించి బయటికి వచ్చును. అందుచేతనే వెనుకటి దినములలో గనిముఖమునొద్ద భారమితిని వ్రేలాడగట్టి, లోనికి పోవువారు దానిని చూచిపోవు ఆచారము ఏర్పడినది. భూమికి ఎన్నో అడుగుల లోతున పనిచేయువానికి ఆకాశపు సమాచార మేల యని తోచవచ్చును. కాని గనిలోని గాలికిని పైనున్న గాలికిని సంబంధము ఎన్నడును తెగదు.

బొగ్గుపొరలలో మిథేను అను వాయువు చిక్కుకొని యుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది నూటికి సుమారు 5 పాళ్లనుండి 15 పాళ్లవఱకు కలిసియున్నపుడు ఒక్క నిప్పురవ్వ తగిలినను ప్రేలును. అది గాలికంటె చాల తేలిక గనుక పైకప్పు గుంటలలో చేరి నిలుచును. తరతరములుగా దీనిని కనుగొన్నది ఒక చిన్న దీపము. సర్దారు ఆ దీపపు వత్తిని బాగుగా తగ్గించి, మెల్లమెల్లగా పైకప్పువైపు ఎత్తెడివాడు. గ్యాసు ఉన్నచో ఆ చిన్న జ్వాలమీద లేతనీలపు కొస యొకటి టోపీవలె నిలుచును. గ్యాసు హెచ్చుకొలదియు ఆ కొస పొడవై, మొన తేలును. దానినిబట్టి పాలెంతయో అనుభవజ్ఞులు చెప్పగలరు. దీపమును నేలదగ్గఱకు దించినపుడు జ్వాల మసకబాఱినచో అచ్చట ప్రాణవాయువు చాలదని గుర్తు. నేడు మిథేను పాళ్లను అంకెలలో చూపు విద్యుత్ పరికరములు వచ్చినవి. మన దేశపు నియమముల ప్రకారము నూటికి ఒకటింబావు పాళ్లు మించినచోట మనుష్యులను వెంటనే తొలగింపవలెను. ప్రేలుటకు ఐదు పాళ్లు కావలసియుండగా ఒకటింబావు వద్దనే ఆగుట పిఱికితనము కాదు. గ్యాసు ఒకచోట నిలుచునది కాదు. కొలిచిన క్షణమునకును పని సాగు క్షణమునకును నడుమ అది పెరుగవచ్చును.

గ్యాసు పరీక్ష ముగిసినపిమ్మట పైకప్పు పరీక్ష. గ్యాసు ప్రేలుడువలె పైకప్పు కూలుట పత్రికలకెక్కదు. ఒకచోట ఒకడు, మఱియొకచోట ఇద్దఱు. కాని అట్లు పోయినవారి లెక్క చిన్నది కాదు. సర్దారు ఒక చేతిని పైరాయికి ఆనించి, మఱియొక చేతి కఱ్ఱతో దానిని తట్టును. గట్టిగా నున్న రాయి ఖంగుమని పలుకును. పొర విడిన రాయి పగిలిన కుండవలె బొల్లుగా పలుకును. ఆనించిన చేతికి సన్నని అదురు తెలియును. కుండలు కొనుటకు సంతకు పోయిన ఇల్లాలు వ్రేలితో కొట్టి చూచునది ఈ విద్యయే. కొందఱు సర్దారులు చెవితోనే రాతిని చదువుదురు. తుదకు, చూచిన ప్రతి చోటను అతడు సుద్దతో తేదీని, తన పేరి పొడి అక్షరములను వ్రాయును. ఆ గుర్తు లేని చోటికి అతడు వచ్చినట్లు కాదు.

ఈ పనికి పెనుశత్రువు గ్యాసు కాదు, రాయియు కాదు, అలవాటు. నూఱు దినములు బాగున్న చోటు నూటయొకటవ దినమునను బాగుండునని మనస్సు తలంచును. కన్ను చూచుచునే యుండును గాని గ్రహింపదు. అందుచేత తెలిసిన సర్దారులు ఒక్కొక్కప్పుడు నడకవరుస మార్చుకొని, చివర చూచు మూలను ముందు చూతురు.

ఇంతటి జాగ్రత్త ఒక్కనాట అలవడినది కాదు. పూర్వము ఐరోపా గనులలో గ్యాసును తొలగించుటకు ఒక భయంకరమైన పద్ధతి యుండెను. తడిసిన గోనెబట్టలు చుట్టుకొనిన ఒక మనిషి నేలబారుగా ప్రాకుచు, పొడవైన కఱ్ఱ కొసను వెలుగుచున్న క్రొవ్వొత్తిని ముందుకు చాచి, పోగైన గ్యాసును ముట్టించెడివాడు. అది తలపైనుండి మండిపోవువఱకు అతడు నేలకు కఱచుకొని యుండెడివాడు. బ్రతికినవాడు మఱునాడును పోవలెను. పరీక్షయు ప్రమాదమును ఒక్కటియే యగుట అనగా నిదియే.

1812 మే 25న ఇంగ్లాండులో ఫెల్లింగు అను గనిలో గ్యాసు ప్రేలి 92 మంది మరణించిరి. వారిలో పదేండ్లు నిండని బాలురును కలరు. అట్టి వార్తలను పత్రికలలో రానీయకుండుట ఆ కాలపు గని యజమానుల రివాజు. ఆ ఊరి మతాచార్యుడు జాన్ హాడ్జ్‌సన్ దానిని లెక్కచేయక, జరిగినదంతయు ప్రకటించెను. ఆ కదలికవలన సర్ హంఫ్రీ డేవీ యను శాస్త్రజ్ఞుడు ఈ సమస్యను చేపట్టి, 1815లో భద్రతాదీపమును నిర్మించెను. జ్వాలచుట్టును సన్నని కన్నుల తీగెవల యుండును. గ్యాసు వలలోనికి వచ్చి మండినను, తీగెలు వేడిని పీల్చుకొనుటచే జ్వాల వెలుపలికి రాజాలదు. డేవీ దానిపై పేటెంటు హక్కు కోరలేదు. జార్జి స్టీఫెన్‌సన్ అను గని యంత్రకారుడు అదే కాలమున వేఱొక దీపమును స్వయముగా కల్పించెను.

దీపము వచ్చినదిగదా, ఇక చావులు ఆగునని లోకము తలంచెను. ఆగలేదు. గ్యాసు భయముచే విడిచిపెట్టిన పొరలను దీపముపై నమ్మకముతో మరల తెఱచిరి. తీగెవలలో ఒక్క కన్ను చినిగినను దీపము వట్టి క్రొవ్వొత్తియే. వెలుతురు చాలదని కొందఱు వలను తీసివైచిరి. చుట్ట ముట్టించుకొనుటకు కొందఱు దీపమును విప్పిరి. అందుచేత దీపములకు తాళము వేయుటయు, లోనికి పోవు ప్రతి దీపమును గనిముఖమున పరీక్షించుటయు ఏర్పడెను. కాపాడు వస్తువును కాపాడువాడు మఱియొకడు కావలసివచ్చెను. 1850లో బ్రిటిషు పార్లమెంటు గనులలోనికి దిగి చూచుటకు ఇన్‌స్పెక్టర్లను నియమించు చట్టము చేసినది.

చూచుట ఒక పని. చూచినదానిని సరిచేయుట మఱియొకటి. వేల్సు దేశమున సెంగెనిడ్ అను ఊరి గనిలో 1901లో ప్రేలుడు సంభవించి 81 మంది చనిపోయిరి. 1911 నాటి చట్టము, గనిలోని గాలిప్రవాహమును అవసరమైనపుడు ఎదురుదిశకు త్రిప్పగల ఏర్పాటు పంకాలకు ఉండవలెనని విధించి, 1913 జనవరి 1వ తేదీని గడువుగా నిర్ణయించెను. ఆ గనికి సెప్టెంబరు చివరవఱకు గడువు పొడిగింపబడెను. ఆ గడువును దాటిపోయెను, ఏర్పాటు జరుగలేదు. అక్టోబరు 14వ తేదీ ఉదయమున గని మరల ప్రేలి 439 మంది కార్మికులు మడిసిరి. తరువాత మేనేజరునకు పడిన జరిమానా 24 పౌనులు. ప్రాణము ఒక్కింటికి ఎంత పడినదో ఆ ఊరివారు లెక్కకట్టుకొనిరి. ఒక షిల్లింగుకంటె కొంచెము హెచ్చు.

మన దేశమున 1894లో మొట్టమొదటి గనుల ఇన్‌స్పెక్టరు నియమింపబడెను. 1897లో కోలారు బంగారు గనిలో 52 మందియు, అదే కాలమున బెలూచిస్థానమునందలి ఖోస్టు బొగ్గుగనిలో 47 మందియు మరణించుటచే 1901లో గనుల చట్టము వచ్చెను. కోలారు గనులలో పనిచేసినవారిలో తెలుగువారును, తమిళులును అనేకులు. మఱుసటి యేట కలకత్తాలో ఏర్పడిన తనిఖీ కార్యాలయము 1908లో ధనబాదునకు తరలెను. నేటికిని గనుల భద్రతను చూచు కేంద్ర కార్యాలయము అచ్చటనే కలదు.

ఆ ధనబాదు సమీపముననే 1975 డిసెంబరు 27న చాస్‌నాలా గనిలోనికి పాత పనుల నీరు గోడ బ్రద్దలుకొట్టుకొని వచ్చి 375 మందిని పొట్టబెట్టుకొన్నది. నీటిని పసికట్టుటకు దీపము పనికిరాదు, కఱ్ఱయు చాలదు. అచ్చట పరీక్షింపవలసినది కాగితము. ముందటి తరములవారు ఎచ్చటివఱకు త్రవ్వి విడిచిరో తెలుపు పటము సరిగా నుండవలెను. పాత పనులు దగ్గఱపడుచున్నపుడు సన్నని రంధ్రములను ముందుగా తొలిచి, నీరున్నదేమో చూచి, ఆపిమ్మట అడుగు వేయవలెను. పటములో తప్పిన ఒక గీత గోడలోని పగులుకంటె ప్రమాదకరము. పగులు కంటికి కనబడును.

ఇక మన సర్దారు కడకు వత్తము. అతడు ఒక మూలను పైరాయి బొల్లుగా పలుకుటను వినినాడనుకొందము. వెంటనే దారికి అడ్డముగా కంచె కట్టి, సుద్దతో గుర్తుపెట్టి, తిరిగివచ్చును. ఆ చోట పనిచేయవలసిన జట్టు అప్పటికి గనిముఖమున నిలిచియున్నది.

“నిన్న సాయంత్రమువఱకు అచ్చటనే పనిచేసితిమి గదా, సర్దారుగారూ! అప్పుడు బాగుగనే యుండెను,” అని జట్టు పెద్ద పలుకును.

“నిన్న బాగుండెనని పుస్తకములో ఉన్నది, అన్నా. నేడు లేదు.”

“ఊతములు పెట్టునప్పటికి సగము పూట పోవును. మీరు కొంచెము చూచిచూడనట్లు వ్రాసినచో...”

ఈ మాట కార్మికులు మాత్రమే అనరు. బొగ్గు లెక్క తగ్గునని పైవారును అందురు. ఇంకను మెత్తని మాటలతో అందురు. సర్దారు పెద్ద ఉద్యోగి కాడు. గట్టిగా పలుకుటకు జంకు కలుగుట సహజమే. “అంతయు బాగున్నది” అని వ్రాయుటకు ఒక్క గీత చాలును; ఏ చోట, ఏ గంటకు, ఏమి చూచితినో వ్రాయుటకు పుట కావలెను. అబద్ధము తఱచుగా పొట్టిగా నుండును.

సర్దారు బల్లయొద్ద కూర్చుండి పుట నింపును. ఆ మూలను వ్రాసెను, కంచె వ్రాసెను, ఎన్ని ఊతములు కావలెనో వ్రాసెను, గంట వేసి సంతకము చేసెను. జట్టును వేఱొక చోటికి పంపి, ఊతములు పెట్టువారిని పిలిపించెను. మధ్యాహ్నమున రెండవ షిఫ్టు సర్దారు వచ్చి, ఆ పుటను మొదటినుండి తుదవఱకు చదివి, క్రింద తన సంతకము చేసి, కఱ్ఱ చేతబట్టుకొని ముందుగా ఆ మూలకే నడచెను.