పాత మాన్యువల్ టెలీ జూమ్, కొత్త మిర్రర్‌లెస్: పాలపిట్ట నేర్పిన ఎఫ్/2.8 పాఠం

దసరా రోజు పాలపిట్టను చూస్తే మంచిదని మన దగ్గర నమ్మకం. మా నానమ్మకి ఇది ఇంకా ఎక్కువ. ఊరు బూర్గంపాడు వైపు, భద్రాచలానికి ఈవలి ఒడ్డున. పొలం గట్టు దాటి కరెంటు తీగల దాకా నడిస్తే పిట్ట కనిపిస్తుంది. కానీ మోకాళ్ల నొప్పులతో ఆమె వాకిలి దాటి రెండేళ్లయింది. అంతకుముందు దసరాకి ఒకతను చిన్న పంజరంలో పాలపిట్టను పెట్టుకుని ఇంటింటికీ తిప్పాడు. నానమ్మ దండం పెట్టి యాభై రూపాయలిచ్చింది. నాకేమో ఆ పిట్టను చూస్తే కడుపులో తిప్పేసింది. అది మన రాష్ట్ర పక్షి. దాన్ని పట్టి బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

"వచ్చే దసరాకి నేనే చూపిస్తా నానమ్మా, పంజరం లేకుండా" అని మాటిచ్చేశా. ఫోన్‌తో ట్రై చేశా. నీలం రంగు చుక్క ఒకటి వచ్చింది, అంతే. అక్కడ మొదలైంది ఈ కథ. ఇది రివ్యూ కంటే పాఠం అనుకోండి. నలభై ఏళ్ల కిందటి మాన్యువల్ జూమ్ లెన్స్‌ని డిజిటల్ కెమెరాకి తగిలించి ఎలా వాడాలో, నేను చేసిన తప్పులతో సహా చెప్తా.

ముందు చిన్న లెక్క: ఫోన్ ఎందుకు చాలదు?

ఎఫ్ నంబర్ అంటే ఫోకల్ లెంగ్త్‌ని, వెలుతురు లోపలికి వెళ్లే రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. 200 ఎంఎం దగ్గర ఎఫ్/2.8 అంటే 200ని 2.8తో భాగించండి: సుమారు 71 ఎంఎం. అరచేతి వెడల్పుకి కాస్త తక్కువ. ఇప్పుడు 5ఎక్స్ టెలీ ఉన్న ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌ని తీసుకోండి. దాని మీద కూడా ఎఫ్/2.8 అనే ఉంటుంది. కానీ సెన్సార్ చిన్నది కాబట్టి అసలు ఫోకల్ లెంగ్త్ 16 ఎంఎం లోపే. అంటే రంధ్రం 6 ఎంఎం కూడా లేదు. అదే దూరంలో ఉన్న అదే పిట్ట నుంచి పాత లెన్స్ పట్టే వెలుతురు 150 రెట్లకు పైనే. ఏఐ ప్రాసెసింగ్ ఎంత చేసినా, రాని వెలుతురుని ఊహించుకోవాల్సిందే తప్ప తేలేదు.

మరి కొత్త 70-200 ఎఫ్/2.8 కొనొచ్చుగా అంటే, కెమెరా కంపెనీల సొంత లెన్స్ లక్ష దాటుతుంది. నా జీతంలో ఈఎంఐకి ఇంకో ఈఎంఐ పుట్టించే ఓపిక లేదు.

దొరికిన లెన్స్

టామ్రాన్ ఎస్‌పీ 80-200 ఎంఎం ఎఫ్/2.8 ఎల్‌డీ. 1980ల నాటి లెన్స్, మోడల్ నంబర్ 30ఏ. ఆటోఫోకస్ లేదు, చిప్ లేదు, స్టెబిలైజేషన్ లేదు. ముందు గాజు పెద్దది, ఫిల్టర్ సైజు 77 ఎంఎం. జూమ్ మొత్తం మీద ఎఫ్/2.8 మారదు. ఎల్‌డీ అంటే రంగులు విడిపోవడాన్ని తగ్గించే ప్రత్యేకమైన గాజు.

ఇందులో నాకు బాగా నచ్చింది అడాప్టాల్-2 పద్ధతి. 1979లో టామ్రాన్ తెచ్చింది. లెన్స్ వెనకున్న మౌంట్ రింగ్‌ని విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు. నికాన్‌కి ఒకటి, కానన్ ఎఫ్‌డీకి ఒకటి, పెంటాక్స్ కేకి ఒకటి. ప్లగిన్ మార్చినట్టే. నాకు నికాన్ మౌంట్‌తో వచ్చింది.

కొనేముందు టార్చ్ వేయండి

మొదటిసారి ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర వేరే జూమ్ తీసుకుని నాలుగు వేలు పోగొట్టుకున్నా. ఫోటోల్లో అద్దంలా మెరిసింది. ఇంటికొచ్చాక టార్చ్ వేస్తే లోపల సాలెగూడు అల్లినట్టు ఫంగస్. అతను ఫోన్ ఎత్తలేదు.

రెండోసారి ఖమ్మంలో స్టూడియో మూసేస్తున్న ఒక అంకుల్ దగ్గరికి వెళ్లా. ఆయనే నా చేతికి టార్చ్ ఇచ్చారు. "చూసుకో బాబూ, చూసుకోకుండా కొనకు. దీంతో ఎన్ని పెళ్లిళ్లు చేశానో! మండపం వెనక నిలబడి, ఫ్లాష్ లేకుండా తలంబ్రాలు తీసేవాణ్ణి" అన్నారు. ఏడు వేలకి ఇచ్చారు. ఆయన చూపించిన చెకింగ్ ఇదీ:

1. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి చూడాలి. సన్నని దుమ్ము ఉంటే ఫర్వాలేదు. దారాల్లా, మంచులా ఏదైనా కనిపిస్తే వదిలేయండి.
2. ఎపర్చర్ రింగ్ తిప్పుతూ బ్లేడ్లు చూడాలి. వాటి మీద నూనె మెరిస్తే అవి ఎప్పుడో ఒకప్పుడు అతుక్కుంటాయి.
3. లెన్స్‌ని నేలవైపు వంచి పట్టుకోవాలి. ముందుకీ వెనక్కీ లాగే జూమ్ రింగ్ దానంతట అదే జారిపోతే లోపల పట్టు పోయినట్టే. వాడుకోవచ్చు, కానీ ధర తగ్గించమనండి.
4. ఫోకస్ రింగ్ మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువుతో తిరగాలి. మధ్యలో గరగర, ఖాళీ ఉండకూడదు.

వచ్చేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పారు: "బీరువాలో బట్టల మధ్య దాచకు. గాలీ వెలుతురూ తగలనీ." నిజమే. మన వానాకాలం తేమకి తోలు కేస్‌లో మూసిపెట్టిన లెన్స్ ఫంగస్‌కి నారుమడి. నేను సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పెడుతున్నా, వారానికోసారి తీసి వాడుతున్నా.

అడాప్టర్: మిల్లీమీటర్ల ఆట

ప్రతి కెమెరా సిస్టమ్‌లో మౌంట్ నుంచి సెన్సార్‌కి ఒక స్థిరమైన దూరం ఉంటుంది. నికాన్ ఎఫ్‌లో 46.5 ఎంఎం, కానన్ ఈఎఫ్‌లో 44, పాత కానన్ ఎఫ్‌డీలో 42, సోనీ ఈలో 18. లెన్స్‌కి కావాల్సిన దూరం కెమెరా దూరం కన్నా ఎక్కువైతే, మధ్యలో ఖాళీ గొట్టం పెట్టి సరిచేయొచ్చు. నాది సోనీ ఏ6000. 46.5 నుంచి 18 తీసేస్తే 28.5 ఎంఎం. నా అడాప్టర్ అంతే, లోపల గాజు లేదు, ఎలక్ట్రానిక్స్ లేవు.

మిర్రర్‌లెస్ ఉన్నవాళ్లకి అందుకే పండగ. కానన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లు నికాన్ మౌంట్ లెన్స్‌ని 2.5 ఎంఎం రింగ్‌తో వాడొచ్చు. కానీ ఎఫ్‌డీ లెన్స్‌ని కానన్ డీఎస్ఎల్ఆర్‌కి గాజు లేని అడాప్టర్‌తో పెడితే దూరంగా ఉన్నవి ఫోకస్ అవ్వవు. 42 చాలదు కదా, 44 కావాలి. నికాన్ డీ3000, డీ5000 సిరీస్ వాళ్లకి లెన్స్ ఎక్కుతుంది గానీ మీటరింగ్ పనిచేయదు. డీ7000లో పనిచేస్తుంది.

ఒక హెచ్చరిక. చౌక అడాప్టర్లు చాలావరకు కావాల్సిన దానికన్నా పిసరంత సన్నగా ఉంటాయి. అప్పుడు లెన్స్ మీద అనంతం గుర్తు దాకా తిప్పితే ఫోకస్ దాన్ని దాటిపోతుంది. చందమామని తీస్తూ రింగ్‌ని చివరిదాకా తిప్పి, బ్లర్ ఎందుకొచ్చిందా అని నేను రెండు రాత్రులు జుట్టు పీక్కున్నా. గుర్తుని నమ్మొద్దు, స్క్రీన్‌ని నమ్మండి.

కెమెరాలో మార్చాల్సినవి

చిప్ లేని లెన్స్ పెడితే కెమెరా తన ముందు ఏమీ లేదనే అనుకుంటుంది. మెనూలో 'రిలీజ్ వితౌట్ లెన్స్' ఎనేబుల్ చేయకపోతే షట్టర్ పడదు. చాలామంది లెన్స్ పాడైందని ఇక్కడే భయపడతారు.

ఫోకస్ పీకింగ్ ఆన్ చేయండి. ఫోకస్‌లో ఉన్న అంచులు ఎర్రగానో పసుపుగానో మెరుస్తాయి. లెవెల్ 'లో' పెట్టండి, 'హై' పెడితే ఫోకస్ లేనిచోట కూడా రంగు పూసేస్తుంది. ఫోకస్ మ్యాగ్నిఫయర్‌ని ఒక కస్టమ్ బటన్‌కి ఇవ్వండి. ఆటోఫోకస్ లెన్స్‌లో రింగ్ తిప్పగానే జూమ్ అయినట్టు ఇక్కడ అవ్వదు, బటన్ నొక్కాల్సిందే.

మోడ్ విషయానికొస్తే, ఏ6000లో ఎపర్చర్ ప్రయారిటీ వాడితే షట్టర్ స్పీడ్ 1/60కి దిగిపోయేది. పాపం, దానికి 200 ఎంఎం లెన్స్ పెట్టామని తెలీదు. అందుకే ఎం మోడ్, ఆటో ఐఎస్ఓ. ఏపీఎస్-సీ సెన్సార్‌లో 200 అంటే 300 ఎంఎం చూపు. చేత్తో పట్టుకుంటే కనీసం 1/300, నాలాగా చెయ్యి వణికేవాళ్లకి 1/500. బాడీలో స్టెబిలైజేషన్ ఉన్న కెమెరా అయితే మెనూలో ఫోకల్ లెంగ్త్‌ని మనమే టైప్ చేయాలి, లేకపోతే అది తప్పు లెక్కతో సరిచేస్తుంది.

ఫోటోలో ఎపర్చర్, ఫోకల్ లెంగ్త్ వివరాలు రికార్డ్ అవ్వవు. నేర్చుకునే రోజుల్లో ఫోన్‌లో నోట్ చేసుకోండి. డీబగ్గింగ్‌కి లాగ్స్ లేకుండా ఎలా?

లకారం చెరువు నేర్పింది: 28 సెంటీమీటర్లు

మొదటి వారం ఖమ్మం లకారం చెరువు దగ్గర ప్రాక్టీస్. రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకి మంచి టీచర్, కదలకుండా కూర్చుంటుంది. పీకింగ్ మెరిసింది, క్లిక్ చేశా. ఇంటికొచ్చి చూస్తే రెక్క షార్ప్, కన్ను బ్లర్.

లెక్క చూస్తే అర్థమైంది. ఏపీఎస్-సీలో 200 ఎంఎం, ఎఫ్/2.8, పది మీటర్ల దూరం. ఫోకస్‌లో ఉండే మందం మొత్తం సుమారు 28 సెంటీమీటర్లు. ఐదు మీటర్లకి వస్తే 7 సెంటీమీటర్లే. ఎఫ్/5.6కి మూస్తే ఆ మందం రెట్టింపవుతుంది. అందుకే వరస ఇలా మార్చుకున్నా: పీకింగ్‌తో దగ్గరికి రావడం, మ్యాగ్నిఫయర్‌తో కంటి మీద ఖాయం చేయడం, ఊపిరి బిగబట్టి మూడు నాలుగు ఫ్రేములు.

రెండో సంగతి, పూర్తిగా తెరిచి తీస్తే తెల్ల కొంగ అంచుల్లో ఊదారంగు గీత వచ్చింది, కాంట్రాస్ట్ కూడా పలచబడింది. ఎఫ్/4 దగ్గర చాలావరకు పోయింది. అందుకే వెలుతురుంటే ఎఫ్/4, లేకపోతేనే ఎఫ్/2.8. హుడ్ తప్పనిసరి. పాత కోటింగ్‌లకి ఎదురెండ అస్సలు పడదు. రాలో తీస్తే మిగిలిన ఊదారంగుని ఎడిటింగ్‌లో తీసేయొచ్చు.

మూడోది బరువు. లెన్స్ కిలో దాటుతుంది, ఏ6000 బ్యాటరీతో కలిపి 344 గ్రాములే. కెమెరా పట్టుకుని లెన్స్‌ని వేలాడదీస్తే మౌంట్ వదులైపోతుంది. ఎడమ చెయ్యి ఎప్పుడూ లెన్స్ కిందే. మెడలో వేసుకునే బెల్ట్ కూడా కెమెరాకి కాకుండా లెన్స్‌కే.

కిన్నెరసానిలో ఓడిపోయా

పాల్వంచ దాటి కిన్నెరసాని రిజర్వాయర్ దగ్గర లకుముకి పిట్ట డైవ్ తీద్దామనుకున్నా. మూడు గంటల్లో ఒక్కటీ రాలేదు. ఎగిరే చిన్న పిట్ట వెనక చేత్తో ఫోకస్ తిప్పుతూ పరిగెత్తడం నా వల్ల కాలేదు. ఇక్కడ నిజాయితీగా ఒప్పుకోవాలి: కొత్త కెమెరాల్లో పక్షి కంటిని పట్టే ఆటోఫోకస్ ఉంది, ఆ పనికి అదే రాజు. అభయారణ్యంలో నడిచి దగ్గరికి పోకూడదు. అక్కడి నీళ్లలో మొసళ్లు కూడా ఉన్నాయి, గుర్తుంచుకోండి.

కానీ ఆ ఓటమిలోనే దారి దొరికింది. పిట్ట వెనక నేను పోవడం కాదు, పిట్ట వచ్చే చోట నేను ముందే ఉండాలి.

దసరా ముందురోజు

పాలపిట్టకి ఒక అలవాటుంది. తీగ మీద కూర్చుని, నేల మీద పురుగుని చూసి దూకి, చాలాసార్లు మళ్లీ అదే చోటికి వస్తుంది. మూడు సాయంత్రాలు ఊరికే కూర్చుని చూశా. స్తంభానికి కుడివైపు, రెండు మూరల దూరం. అదే దాని సీటు.

నాలుగో సాయంత్రం గట్టు మీద తుమ్మచెట్టు పక్కన ట్రైపాడ్ పెట్టా. పిట్ట కూర్చున్నప్పుడు మ్యాగ్నిఫయర్‌తో కంటికి ఫోకస్ చేసి, రింగ్ కదలకుండా చిన్న టేప్ ముక్క అతికించా. ఎఫ్/4, 1/2000, ఆటో ఐఎస్ఓ. సెకనుకి 11 ఫ్రేములు. ఫ్రేములో రెక్కలకి చోటు వదిలా. ఇక స్క్రీన్ చూడటం మానేసి పిట్టనే చూశా. అది దూకితే ఊరుకున్నా. తిరిగి తీగ వైపు లేచినప్పుడు మాత్రమే నొక్కా.

214 ఫోటోలు. పనికొచ్చినవి తొమ్మిది. అందులో ఒకదాంట్లో కాళ్లు తీగకి అందబోతూ, రెండు రెక్కలూ పూర్తిగా విప్పి, ముదురు నీలం, లేత నీలం పట్టీలు విడివిడిగా.

పొద్దున్నే టీవీకి పెట్టి నానమ్మకి చూపించా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఆ పంజరంలో దానికి ఇంత నీలం లేదు గదరా."

లేదు మరి. మడిచిన రెక్కల్లో ఆ నీలం చాలావరకు దాగిపోతుంది. ఎగిరితేనే విప్పుకుంటుంది. తర్వాత దండం పెట్టుకుంది, యాభై రూపాయలు నాకిచ్చింది.

ఎవరు కొనాలి, ఎవరు వద్దు

గుడి ఉత్సవాలు, స్టేజీ ప్రోగ్రాములు, పోర్ట్రెయిట్లు, చందమామ, కూర్చున్న పక్షులు మీ సబ్జెక్టులైతే ధైర్యంగా కొనండి. మిర్రర్‌లెస్ బాడీ, మంచి అడాప్టర్, టార్చ్ లైట్ చెకింగ్, ఈ మూడూ తప్పనిసరి. క్రికెట్, పరిగెత్తే పిల్లలు, ఎగిరే చిన్న పిట్టలు కావాలంటే డబ్బులు దాచుకుని ఆటోఫోకస్ లెన్స్‌కే వెళ్లండి. డబ్బులకి పనిచేసే ఫోటో వర్క్‌కి కూడా దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

నా తర్వాతి టార్గెట్ భద్రాచలం తెప్పోత్సవం. ముక్కోటి ముందురోజు, గోదావరిలో హంస వాహనం, ఒడ్డు నుంచి దూరం, చీకటి, దీపాల వెలుతురు. ఎఫ్/2.8కి అసలు పరీక్ష అదే. స్టూడియో అంకుల్‌ని కూడా రమ్మన్నా. "టార్చ్ నేను తెస్తాలే బాబూ" అన్నారు.