గోటి కింది సెంట్రింగ్



జెల్‌తో గోరు పొడిగించే పని నేర్చుకోబోయేవారు మొట్టమొదట గ్రహించవలసింది, ఆ పనిలో గోటి రూపం తేలేది జెల్ పూసేటప్పుడు కాదనీ, అంతకు ముందే, ఫారం అమర్చేటప్పుడేననీ. టిప్ అనేది ముందే తయారై వచ్చిన ప్లాస్టిక్ గోరు కనుక దానిని అతికించినప్పుడు రూపం చాలావరకు దానితోపాటే వస్తుంది. ఫారం అలాంటిది కాదు. అది వెనుక జిగురు, పైన కొలతగీతలు ఉన్న దళసరి కాగితపు ముక్క, దానిని గోటి అంచు కింద అమర్చి, గోటి మీద నుంచి దాని మీదికి జెల్ పరిచి, జెల్ గట్టిపడ్డాక తీసి పారవేస్తారు. శ్లాబ్ కింద సెంట్రింగ్ ఎలాంటిదో గోటి కింద ఫారం అలాంటిది: పని పూర్తయ్యాక అది కనబడదు, కాని అది ఒరిగితే పైన పోసినదంతా ఒరుగుతుంది. 1950లలో అమెరికాలో ఫ్రెడ్ స్లాక్ అనే దంతవైద్యుడు విరిగిన తన గోటిని అల్యూమినియం రేకు ఆధారంగా, పళ్ళకు వాడే అక్రిలిక్‌తో బాగుచేసుకున్నాడని ఈ వృత్తి చరిత్రలో చెబుతారు. నేటి జెల్ కూడా ఆ రసాయన కుటుంబానికే చెందింది.

గోరు కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడిన, ప్రాణంలేని పలక. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే ఒకసారి ఫైలుతో అరగదీసి పలచబరచిన గోరు పూర్తిగా కొత్తది కావడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. అందుచేత 180 గ్రిట్ ఫైలుతో పైనున్న మెరుపు పోయేంతవరకే రుద్దాలి తప్ప, జెల్ బాగా పట్టుకుంటుందనే ఆశతో లోతుగా గీకడం కస్టమర్ గోటికి చేసే అన్యాయం. గోటి మొదట్లో ఉండే చర్మపు మడత సజీవమైనది, దాని కింద నుంచి వచ్చి పలకకు పలచగా అంటుకునే మృతచర్మం మాత్రమే క్యూటికిల్. తీయవలసింది ఈ రెండవదాన్ని, కోయకూడనిది మొదటిదాన్ని, ఎందుకంటే ఆ మడత తెగితే గోరుచుట్టుకు దారి తెరిచినట్లే. తర్వాత దుమ్ము తుడిచి, తేమను లాగే డీహైడ్రేటర్, దాని మీద జెల్ పట్టుకునేందుకు ప్రైమర్ పూస్తారు. గోరింటాకు కోన్‌లలో నూనెలు కలుపుతారు కనుక, పెళ్ళికూతురి గోళ్ళ విషయంలో ఈ శుభ్రతకు మరింత సమయం కేటాయించాలి.

ఇక ఫారం. దాని మధ్యనున్న ముక్కను ఊడదీసి వెనుక అతికిస్తే కాగితానికి బలం వస్తుంది. వేలికి తొడిగే ముందు దానిని రెండు బొటనవేళ్ళ మధ్య వంచి, గోటి వంపుకు సరిపోయే వంపు తేవాలి. గోటి కొస కింద, చర్మం గోటిని పట్టుకుని ఉండే చోట, ఒక సున్నితమైన అంచు ఉంటుంది. ఫారం దానిని తాకేంతవరకే వెళ్ళాలి, అదిమితే నొప్పి పుడుతుంది, ఆగిపోతే సందు మిగిలి జెల్ కిందికి కారుతుంది. అందరి గోళ్ళూ ఒకే ఆకారంలో ఉండవు కనుక, ఆ సందు ఏ మూల కనిపిస్తుందో చూసి, చిన్న కత్తెరతో ఫారం అంచును వెంట్రుకవాసి చొప్పున కత్తిరిస్తూ, మళ్ళీ మళ్ళీ పెట్టి చూడడమే మార్గం. తర్వాత వేలిని మూడు వైపుల నుంచి పరీక్షించాలి. పై నుంచి చూస్తే ఫారం మధ్యగీత, గోటి వాలును కాక, వేలి కణుపుల మధ్యగా సాగే గీతను అనుసరించాలి. పక్క నుంచి చూస్తే గోటి పక్క అంచు తిన్నగా ముందుకు సాగినట్లుండాలి, చిలుకముక్కులా వంగకూడదు, పైకి లేవకూడదు. ఎదుటి నుంచి చూస్తే రెండు వైపులా వంపు సమానంగా ఉండాలి. పక్క చూపును విస్మరించడమే కొత్తవారు తరచుగా చేసే తప్పు.

అమరిక కుదిరాక జెల్ పని అనుకున్నంత కష్టం కాదు. ముందుగా పలచని పొర పరిచి, దాని మీద గోటికి మందాన్నిచ్చే బిల్డర్ జెల్ చుక్కను ఉంచి, కుంచె బరువు పడనీయకుండా నడిపించాలి. గోరు చర్మాన్ని విడిచే గీత దగ్గర ఒత్తిడి ఎక్కువ కనుక, జెల్‌కు అత్యంత ఎత్తయిన భాగమైన అపెక్స్ దానికి కాస్త వెనుకగా నిలవాలి. అంచుల వైపు, క్యూటికిల్ వైపు జెల్ పలచబడాలి. మొదట్లో పొడిగింపు గోటి పడకలో, అంటే గోరు అంటుకుని ఉండే చర్మపు భాగంలో, సగానికి మించకపోవడం మేలు. ల్యాంప్ కాంతి కింద జెల్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, పొర మందమైన కొద్దీ ఆ వేడి పెరుగుతుంది. కస్టమర్ చురుక్కుమందంటే ఓర్చుకోమనకుండా వెంటనే చేయి బయటికి తీయించాలి. బొటనవేళ్ళు మిగతావాటితో కలిపి పెడితే పక్కకు ఒరుగుతాయి కనుక వాటిని వేరుగా ల్యాంప్ కింద ఉంచాలి. ఫారం తీశాక అడుగు భాగానికి కూడా కాంతి చూపించి, పైన మిగిలిన జిగురు పొరను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాతే ఫైలు పట్టాలి.

ఈ వృత్తిలో అన్నిటికంటే గట్టిగా చెప్పవలసిన మాట, గట్టిపడని జెల్ చర్మాన్ని తాకకూడదన్నది. అందులోని అక్రిలేట్లు పదేపదే తగిలితే అలెర్జీ ఏర్పడవచ్చు, అది ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం పోదు; అదే కుటుంబపు పదార్థాలను పళ్ళ చికిత్సలోనూ, కీళ్ళ శస్త్రచికిత్సలోనూ వాడతారు కనుక నష్టం గోళ్ళతో ఆగదు. యూరోపియన్ యూనియన్ 2021 నుంచి హెమా అనే అక్రిలేట్ ఉన్న గోటి ఉత్పత్తులను వృత్తిదారులకే పరిమితం చేసింది, టీపీఓ అనే కాంతిస్పందక పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది. కస్టమర్‌తో పాటు రోజంతా జెల్ ముందు కూర్చునే వ్యక్తికీ ఈ ప్రమాదం ఉంది. చర్మానికి జెల్ అంటితే ల్యాంప్ కింద పెట్టకముందే తుడవాలి, జెల్ తయారుదారు సూచించిన ల్యాంప్‌నే వాడాలి, ఫైలు పొడి పీల్చకుండా మాస్కు కట్టుకోవాలి. గోరు పచ్చబడినా, పడక నుంచి విడివడినా, దాని మీద జెల్ వేయకుండా చర్మవైద్యుల దగ్గరికి పంపాలి.

చేత్తో ముద్ద కలుపుకునే ఇళ్ళలో పొడవాటి గోటి అడుగున అన్నం, కూర చేరుతుందనీ, పారదర్శకమైన జెల్‌కు పసుపు మరక పడుతుందనీ, మెత్తని బ్రష్‌తో అడుగు భాగం రోజూ కడుక్కోవాలనీ కస్టమర్‌కు ముందే చెప్పాలి. రెండు మూడు వారాలకు పెరిగిన చోట జెల్ నింపించుకోవాలి. గట్టి రకం జెల్ అసిటోన్‌కు కరగదు, ఫైలుతోనే తగ్గించాలి. పీకేస్తే గోటి పొరలు కూడా ఊడివస్తాయి.

మొదటి వారం జెల్ డబ్బా మూత తీయనవసరం లేదు. ఇంట్లోవారి చేతులు అడిగి తీసుకుని, పది వేళ్ళకూ ఫారాలు అమర్చి, మూడు వైపుల నుంచి చూసి, తీసివేసి, మళ్ళీ అమర్చాలి. పక్క నుంచి చూసినప్పుడు సందు కనిపించని రోజున జెల్ తెరవాలి.